ముప్పై ఒకటో తాడు

క్యాంపు అయిపోయింది.
డేరాలు పదకొండు. దుమ్ము దులిపి, మడిచి, అటక మీద పెట్టిన.
గుంజలు ఇరవై రెండు, అందుల మూడు విరిగినయి.
మేకులు తొంభై చిల్లర, సగం వంకర.
ఘట్‌కేసర్ అవతల భూమి మేకును ఊరికే తీసుకోదు,
రెండంగుళాలు దిగంగనే ఠంగుమంటది.
పిలగాండ్లు సుత్తె పారేసి భూమిని తిడతరు.
అల్ఫోన్స్ సారు నవ్వుతడు:
"బండతో కొట్లాట ఎందుకు బిడ్డా,
జానెడు పక్కకు జరుగు."

విజిల్ ఒకటి, లోపల గింజ లేనిది.
గంజు అడుగున మాడిన కిచిడీ
ఇంకా వదల్లేదు.
తాళ్ళు ముప్పై.

ముప్పై ఒకటి ఉండాలె.

మళ్ళా లెక్కపెట్టిన. ముప్పయ్యే.
ఎవరి దగ్గరున్నదో నాకు ఎరికే,
రిజిస్టర్ల మాత్రం రాయలేదు.

భోలక్‌పూర్ పిలగాడు, ముదస్సిర్.
ఫీజు సగం వాళ్ళమ్మ కట్టింది,
మిగతా సగం ఎవరు కట్టిన్రో సారు జేబునే అడగాలె.
మొదటి రోజు ముడి వెయ్యమంటే
తాడు కన్నా ముందు వాని వేళ్ళు ముడిపడ్డయి.
లోహిత్ నవ్విండు. అందరు నవ్విన్రు.
నేను గూడ, కొంచెం.

రాత్రి
మంట ఆరి, పాడి పాడి గొంతులు పోయి
అందరు ఎక్కడోళ్ళక్కడ ఒరిగినంక
నీళ్ళ క్యాను కోసం లేస్తే,
టార్చి పండ్ల మధ్య ఇరికించుకొని
వేపకొమ్మకు క్లోవ్ హిచ్ వేస్తున్నడు,
విప్పుతున్నడు,
వేస్తున్నడు.
చూడనట్టే వచ్చిన.

మూడో రాత్రి గాలిదుమారం.
ఎనిమిది డేరాలు పతంగులయినయి.
పొద్దున ముళ్ళ చెట్ల మీంచి దుప్పట్లు ఏరుకున్నం.
నెమలి పెట్రోలు డేరా ఒక్కటి
పెగ్గు గూడ కదలకుండ నిలబడ్డది,
లోపల ముదస్సిర్ నోరు తెరిచి నిద్ర.

జూన్‌ల ఒక మబ్బుపొద్దు
విరిగిన గుంజలకు పాత పైపులు దొరుకుతయని
భోలక్‌పూర్ పోయిన.
తోళ్ళ వాసన, ఇనుప తునకల చప్పుడు,
స్కూటరు పట్టని గల్లీ.
అంతల్నే వాన.
తలదాచుకున్న సజ్జ కింద నుంచి చూస్తే
ఎదురింటి రేకుల మీద నీలం తాడ్‌పత్రి,
దాన్ని బోరింగు పైపుకు కట్టిన తాడు.
తాడు కొసకు ఎర్రదారం చుట్ల వరుస,
పోగులు ఊడకుండ
నేనే చుట్టిన దారం.

ముడి క్లోవ్ హిచ్. పైన రెండు సగం ముడులు.
ఒక్క చుక్క గూడ లోపలికి పోతలేదు.
గడపలో వాళ్ళమ్మ అనుకుంట,
బడి సంచి కుడుతున్నది, తల ఎత్తకుండనే.

తలుపు కొట్టలేదు.
వాన సన్నబడేదాక
ఆ ముడినే చూసుకుంట నిలబడ్డ.

స్టోరుకొచ్చి రిజిస్టర్ల రాసిన:
తాళ్ళు, ముప్పై ఒకటి.
వాడకంల, ఒకటి.

పైపులు కొనుడే మర్చిపోయిన.