గాలి కలవనీయొద్దు

క్రియాటినిన్ నాలుగు పాయింట్ ఒకటి.
ఎర్ర పెన్నుతో రాసి, కింద రెండు గీతలు.
అంటే అయోడిన్ మందు జోలికి పోకూడదు.
రక్తనాళాన్ని చూపించే ఆ మందే
దారిలో మూత్రపిండాన్ని ముంచేస్తుంది,
దీపం పెట్టబోయి ఇల్లంటించినట్టు.

హిద్ద్ డ్రైడాక్‌లో పదిహేడు వేసవులు
ఓడల కడుపులో కూర్చుని అతుకులేసిన మనిషి
గాజుల పోశెట్టి. మోర్తాడ్ పక్కన ఊరు.
ట్యాంకు లోపల నీళ్ల సీసా ఉండదు.
పైకెక్కి తాగొస్తే అరగంట జీతం కోత.
ఒంట్లో నీరంతా ఇనుము మీద పడి చుయ్‌మనేది,
మిగిలిన చిక్కటిది మూత్రపిండాలు వడగట్టేవి
చేతనైనన్నాళ్లు.
ఇప్పుడు ఎడమకాలి బొటనవేలు నల్లబడింది.
మూడు నెలలు బూటులోనే దాచాడట.

మాది రాజంపేట.
ఆయన మాట నాకు, నా మాట ఆయనకు
కొంచెం కొంచెం వంకర.
మనామాలో అదే చుట్టరికం.

సిలిండర్ తోసుకొచ్చాను.
పడుకున్నవాడు తల తిప్పి మీటరు చూశాడు,
మెడ మీద అచ్చుకొట్టిన అక్షరాలు చూశాడు.
"సీఓటూనా? ఇది నాకెర్కే మేడం.
పదిహేడేండ్ల సంది నా చేతిలదే."

దీన్నే కాలిలోకి పంపుతామని చెప్పాను.
రక్తాన్ని కాసేపు పక్కకు జరిపి
తాను నిలబడ్డ మేరకు దారి చూపిస్తుందని,
ఆ తర్వాత రక్తంలోనే కరిగి
మీ ఊపిరితో బయటికి పోతుందని,
మూత్రపిండం గడప తొక్కదని.

నవ్వలేదు, భయపడలేదు.
షిఫ్టు మారేటప్పుడు పక్కవాడికి పని అప్పజెప్పినట్టు అన్నాడు:
"గాలి కలవనీయకుండ్రి.
గాలి కలిస్తే అతుకుల పొక్కులొస్తయ్.
పైకి మంచిగనే కొడ్తది. లోపట గుల్ల."

ఏమంటున్నాడని డాక్టర్ హుదా అడిగింది.
అరబీలో నాకు నాలుగు మాటలు తక్కువయ్యాయి,
మిగతాది చేతులతో చెప్పాను.
ఆమె కొంచెంసేపు ఆయన వంకే చూసి
అప్పటికే రెండుసార్లు గాలి తీసేసిన ట్యూబును
మూడోసారి తీయమంది.

దిండు పెట్టి కాలెత్తాం,
గ్యాసుకి పైకెక్కడమే అలవాటు గనక.
ఊపిరి బిగబట్టమన్నాను.
నొప్పైతే చెప్పమన్నాను. చెప్పలేదు.
పిక్క మాత్రం ఒక్కసారి అదిరింది.
తెర మీద తొడ నుంచి తెల్లటి దారం,
మోకాలి దాకా తిన్నగా,
కింద రెండు పాయలు,
ఒకటి చీలమండ చేరకముందే
సగం మాటలో ఆగిపోయింది.

విడతకీ విడతకీ మధ్య రెండు నిమిషాలు ఆగాలి,
పంపింది పూర్తిగా పోయేదాకా.
ఆ రెండు నిమిషాలు ఎవరికీ పనుండదు.
ఆయన ఊపిరి వింటూ నిలబడ్డాను.
ట్యాంకుల్లో మాస్కు సందుల్లోంచి పీల్చిందంతా
ఇలాగే పోయుంటుందా అనుకున్నాను.
పోలేదు. ఎక్స్‌రే రిపోర్టులో ఉంది.

తీగ దూరింది. బుడగ ఉబ్బింది.
దారం ఇంకో నాలుగు వేళ్ల మేర సాగింది.

ట్రాలీ మీదికి మారుస్తుంటే అడిగాడు:
"ఆ ఫోటువ ఒకటి ఇస్తరా మేడం?
కాలు నొస్తుందంటే మా ఫోర్‌మన్ నాటకమంటడు."
ప్రింటు తీసిచ్చాను.
లైటుకెత్తి, ఒక కన్ను మూసి,
తెరుచుకున్న చోట గోటితో రాసి చూశాడు.
"జర వంకరుంది," అన్నాడు.
"పట్టుకుంటది తియ్యి."