వాల్వు తిప్పెటోని వావిలి

సోమిడిల ఏడు గల్లీలకు
దినం తప్పి దినం నీళ్ళిడిచెటోణ్ణి నేను.
తెల్లారగట్ల నాలుగింటికి
భుజాన ఇనుప చెయ్యి, జేబుల టార్చిలైటు.
పది నిమిషాలు ఎక్కువిడిస్తే ఒక గల్లీ దీవెన,
పది తక్కువైతే ఇంకో గల్లీ తిట్టు.

నా వాకిట్ల మాత్రం ఉత్త కుండీలు.
గులాబి మూడుసార్లు పెట్టిన,
మూడు ఎండకాలాలు తినిపోయినయ్.
పడమటి ఎండ, కింద మొరం,
గడ్డపార ఏస్తే నిప్పురవ్వ లేస్తది.

బుట్టలల్లే కనకవ్వ
మడికొండ దిక్కు వాగు నుంచి
వావిలి బరిగెల మోపుతో వస్తూ
మా అరుగు మీద కూసొని మంచినీళ్ళడిగింది.
తాగి, మూతి తుడుసుకొని,
మోపుల నుంచి ఒక్కటి గుంజి
"ఇది పెట్టు సదయ్యా" అన్నది.
బొటనవేలంత పుల్ల. ఆకు గూడ లేదు.

నాకెరుకైంది నీళ్ళే గదా.
పొద్దుగాల చెంబు, మాపటికి చెంబు.
చిగురేసింది, సంబురపడ్డ.
నెలకు పసుపెక్కింది.
వేలు పెట్టి చూస్తే మొదట్ల బురద కంపు.
కనకవ్వ మళ్ళొచ్చి నవ్వింది:
"పానం తీస్తున్నవ్ గదయ్యా,
నీ వాల్వు బందు చెయ్యి."

బందు చేసిన.
చెప్పుడు అల్కనే.
మొక్క నడినెత్తి ఎండల నిలబడి ఉంటే
చేతిల చెంబు పట్టుకొని
పొయ్యకుండ నిలబడుడు,
ఇరవయ్యేండ్ల నౌకరిల అంత కష్టమైన పని చెయ్యలే.

మూడో ఏడు, రోహిణి కార్తెల
పెద్ద పైపు పగిలింది.
మూడు దినాలు ఎవ్వరికీ చుక్క లేదు.
బిందెలు నా గేటు ముందర వరుస గట్టినయ్.
తిట్లన్నీ ఒడిసినంక
మీసేవ సరోజన వేలు చూపింది:
"మరి దీనికెక్కడియి నీళ్ళు?"

గోడ దాటి వావిలి.
ఐదేసి వేళ్ళ ఆకులు, అడుగున తెల్లటి నూగు,
ఊదారంగు కంకుల నిండ తేనెటీగలు.
దొంగ పైపు కోసం చెట్టు చుట్టూ తిరిగిన్రు.
మొదట్ల మొరం గీకి చూసిన్రు.
పొడి. ఇంకింత గీకిన్రు.
పొడి.

ఎవరో ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నరు.
"మా బిడ్డ బాలింత, తానానికి కావాలె."
"నాకు దిండుల పెట్టుకోను, తల పగులుతున్నది."
"బియ్యం డబ్బల ఏస్తే పురుగు రాదంట."

నీళ్ళకొచ్చినోళ్ళు ఆ పొద్దు
ఖాళీ బిందెలల్ల కొమ్మలేసుకొని పోయిన్రు.
సగం బోడైన చెట్టు కింద
చేతులు వాసన చూసుకుంట కొంచెంసేపు కూసున్న.
పైపు గుంత కాడ నుంచి
మేస్త్రీ కేకేస్తున్నడు.
లేసి పోయిన.