వికృతి

పొగపెట్టె తలుపు లోపలి వైపు
మసి గీకుతుంటే చేతికి తగిలింది
ఉలితో కొట్టిన తెలుగు:
"వికృతి. శ్రావణం. బాయిలరు దించినాము."
పేరు లేదు.

పెరంబూరు షెడ్డులో ఆ పూట
అది చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.
ఫోర్‌మన్ కణ్ణాయిరం టార్చి వేసి
ఏం రాసుందన్నాడు.
ఏడాది పేరన్నాను.
ఏ ఏడాది?
అక్కడే చిక్కు.
అరవై ఏళ్ళకోసారి తిరిగొచ్చే పేరది.
మేం గీకుతున్న ఏడూ వికృతే.

నలభై ఏళ్ళు గేటు పక్క దిమ్మె మీద నిలబడింది ఈ ఇంజను.
ఆయుధపూజకి బఫర్లకి కుంకం, ముందు పగిలిన గుమ్మడికాయ.
రిటైరైన ప్రతివాడూ మెడలో దండతో
దీని పక్కనే ఫోటో దిగాడు.
పొగగొట్టంలో కాకి గూడు.
దించి చూస్తే పుల్లల మధ్య రాగితీగ,
ఎవరిదో కళ్ళజోడు కాడ.

రంగు గీకితే రంగు.
వెండి పూత కింద నలుపు,
నలుపు కింద ఎర్ర ప్రైమరు,
దాని కింద ఆకుపచ్చ,
గోరింటాకు రుబ్బాక రోటి అంచున మిగిలే ఆకుపచ్చ.
ఆ కింద ఇనుము.
దానికి ఏ కంపెనీ తెలీదు.

ఆఫీసు ఫైల్లో మొదటి కాగితాలు చెదలు తిన్నాయి.
మిగిలిన ఇంగ్లీషులో
విప్పి ఓడెక్కించారని, రాయపురంలో బిగించారని,
ఎన్ని మైళ్ళు, ఎన్ని టన్నుల బొగ్గు, అన్నీ ఉన్నాయి.
ధాత కరువులో ఏం లాగిందో లేదు.
మా నాయనమ్మ చెప్పేది, వాళ్ళ అవ్వ చెప్పిందని:
సముద్రం ఒడ్డున బియ్యం బస్తాల గుట్టలు,
పట్టాల పక్కన చీపుళ్ళతో మనుషులు,
గింజా ఇసకా కలిపి ఊడ్చుకుంటూ.
బండి ఎటు పోయేదని అడిగితే
ఇసక ఎలా గాలించాలో చెప్పేది.

మా తాత పెంచలయ్య గూడూరు నుంచొచ్చి
ఈ షెడ్డులోనే సుత్తి పట్టాడు.
ఈ వికృతి యాభైలోదైతే ఆయన చెయ్యి కావచ్చు.
ఆయన జీతానికి వేలిముద్రే వేసేవాడంటుంది అమ్మ.
అయితే ఏం?
ఎవరో సుద్దతో రాసిస్తే
ఆ గీతల మీదే ఉలి నడపలేడా?
ఇలా నాతో నేనే వాదించుకుంటూ
ఒక రోజంతా తప్పు సైజు నట్లు బిగించాను.

ఇన్‌స్పెక్టరు వచ్చేముందు
ఆ అక్షరాల మీద గ్రీజు పులిమాను, మందంగా.
చూస్తే గ్రైండరు పెట్టమంటాడు.

నీళ్ళ టెస్టు రెండుసార్లు తప్పింది.
మూడోది దాటాక, ఒక తెల్లవారుజామున నాలుక్కి
కట్టెలు పేర్చి వెలిగించాం.
గేజీ ముల్లు కదల్దు, కదల్దు,
ఎప్పటికో వణికింది.
కణ్ణాయిరం చెప్పులు విడిచి నిలబడ్డాడు.
ఎందుకని అడగలేదు నేను.

విజిలు ముందు దగ్గింది.
తుప్పు నీళ్ళు నా చొక్కా నిండా.
తర్వాత కూసింది.
వ్యాసర్‌పాడి దాకా వినపడిందట,
మా ఆవిడ పాలు పొంగించుకుంది.

ఈపాటికి తలుపు లోపల గ్రీజు కరిగి కారుంటుంది.
అక్షరాలు తేలుంటాయి
చదివేవాడెవడూ దూరలేని వేడిలో.

దీపస్తంభం మీద కాకి
మమ్మల్నందర్నీ కలిపి తిడుతోంది.