రిమార్కుల గడి

తెల్లవారుజామున నాలుగింటికే రావాలి.
చెరువుకి ఊపిరి ఎంత తక్కువుందో
తెలిసేది అప్పుడే.
రాత్రంతా నాచు కూడా అందరిలాగే పీల్చుకుంటుంది,
తిరిగి ఇచ్చేది పొద్దెక్కాకే.

చేతిలో తీగకు వేలాడే మీటరు, నోట్లో టార్చిలైటు.
ఎదురుగా పద్నాలుగంతస్తుల ఏసీలు
గదుల్లోని వేడిని నీళ్ళ మీదికి ఊదుతున్నాయి.
ముప్పై ఒకటి పాయింటు నాలుగు.
మే నెల, ఈ వేళప్పుడు.
రాసుకున్నాను.

"దాన్నేం సూస్తవమ్మా, కాలు వెట్టు, ఎర్కైతది"
థర్మాకోల్ తెప్ప మీంచి లింబాద్రి.
"ఎనకట గీ యాళకు వల గుంజితె
యేళ్ళు కొంకర్లు వొయ్యేటియి.
ఇప్పుడు ఎవలో తాగకుండ మర్సిపోయిన
చాయ్ లెక్క ఉంటున్నయి నీళ్ళు, రాత్రి సుత."

వాన మొదలైందనుకుని తలెత్తి చూశాను.
చుక్కలున్నాయి.
చప్పుడు కింద నుంచి:
బొచ్చెలు, రవ్వులు, వేలెడంత పరకలు,
నీటి పైపొరకి నోళ్ళు ఆనించి
తెరుస్తూ, మూస్తూ, తెరుస్తూ.

ఆక్సిజన్, ఒకటి పాయింటు రెండు.

కొర్రమట్టకేం కాదట.
అది గాలి మింగి బతుకుతుంది.
తూము పక్కన టార్చి కొట్టి చూపించాడు:
ఎర్రటి పిల్లల గుంపు, కుంకుమ ఒలికినట్టు,
అడుగున కదలకుండా రెండు పెద్ద నీడలు.
ఆ గుంపు కనబడితే అక్కడ వల వెయ్యడు అతను,
అతని నాయన కూడా వెయ్యలేదు.
"గివి మిగుల్తయి.
మిగిలి ఏం తింటయమ్మా?"
నా పట్టికలో ఆ ప్రశ్నకి నిలువు గీత లేదు.

ఆరున్నరకి వాకింగ్ వాళ్ళు వచ్చారు.
ముక్కుకి రుమాలు, చేతిలో ఫోను,
గట్టు వెంట తెల్లపొట్టల వరస.
"ఎవరో మందు కలిపారు" అన్నాడొకాయన, ఖాయంగా.
లింబాద్రి చచ్చిన రవ్వునొకదాన్ని తిప్పి చూశాడు,
కంటి పక్క చర్మాన్ని బొటనవేలితో రాశాడు.
"మందు గాదు సారూ.
వారం సంది నిద్ర లేదు దీనికి."

నాలుగేళ్ళుగా రిమార్కుల గడిలో
'ఏమీ లేవు' అని రాస్తున్నాను.
అన్ని పేజీల్లో ఒకటే చేతిరాత,
ఒకటే తొందర.

కాగితం మడిచి, చెప్పులు విడిచి
మెట్టు మీంచి కాలు దింపాను.
జ్వరం తగ్గిందనుకుని తాకిన
పిల్లాడి పొట్ట.
పెన్ను ఎక్కడ పెట్టానో.