ముప్పైయారు చుట్లు

మురకంబట్టు షెడ్డులో మొదటి నెలంతా
మాకు చుట్టడం నేర్పలా.
విప్పడమే.

కాలిపోయిన బోరు మోటార్లు వరసగా పెట్టి
జిలానీ సారు చెప్పినాడు:
"కాలినదాన్ని కోపంగా పీకద్దండి.
ఏ గాడిలోంచి ఏ తీగ వచ్చిందో,
ఎన్ని చుట్లో, ఎటు తిరిగిందో
విప్పేటప్పుడే రాసుకోవాల."

ముందు మాకు కుట్టుమిషన్లే ఇస్తామన్నారు,
ఆడోళ్ళకి అదే గదా అని.
పాకాల వల్లెమ్మ లేచి నిలబడింది.
గుజ్జు ఫ్యాక్టరీలో కాయలు కోసీ కోసీ
వేళ్ళ సందుల్లో మామిడి సొన కాల్చిన మచ్చలు.
"మా ఊర్లో మిషన్లు పద్నాలుగుండాయి మేడమ్,
కుట్టించుకునేవాళ్ళు నలుగురు.
బోర్లు మాత్రం రెండొందలు.
అన్నీ కాలేటియే."

పదకొండు మందిమి.
హోమ్‌లో పెరిగిన నూర్జా
వెనకాల ఎవరన్నా నిలబడితే చాలు
స్క్రూడ్రైవరు జారవిడిచేది.
ఎందుకని మేము అడగలా.
నేను దేశమ్మను.
మా ఇంటాయన పోయినాడు.
చచ్చి కాదు, బెంగుళూరు బస్సెక్కి.

కోర్సు అయినాక
పని చూపించే మేడమ్ గొడుగేసుకుని
నన్ను అంగడంగడికీ తిప్పింది.
లెక్కలు రాస్తావా, రా అన్నారు ఒకరు.
టీలు తెస్తావా అన్నారు ఇంకొకరు.
ఏడో అంగట్లో కుప్పుసామి నాయుడు
తలెత్తకుండానే "ఆ మూల కూర్చో" అన్నాడు.
అది సరేననడమని
సాయంత్రానికి గానీ నాకు తెలీలా.

నా చేతికొచ్చిన మొదటిది ఐరాల రైతుది.
ఐదు హార్స్‌పవర్.
గాడులు ఇరవైనాలుగు,
గాడికి ముప్పైయారు చుట్లు.
తీగను గాడిలోకి తోసి, అవతల లాగి,
పెదాలు కదలకుండా లెక్కపెట్టినాను.
అప్పుడు హాస్టల్ నుంచి ఫోను.
పాపకు జ్వరమంట.

రెండో రోజే మోటారు వెనక్కొచ్చింది.
"ఆడమనిషి చేతికిచ్చినావా?" అని
రైతు నాయుడిని అడిగినాడు.
నాయుడు నా వంక చూడలా.
వైరు డబ్బులు జీతంలో పట్టుకున్నాడు.
అది న్యాయమే.

ఆ రాత్రి ఒక్కదాన్నే విప్పినాను,
కమిలిన వాసన కొంగుకు పట్టేదాకా.
మొదటి గాడి సరే. రెండోది సరే.
పద్నాలుగో గాడిలో ముప్పైరెండు.
పాప జ్వరం అక్కడుండాది,
నాలుగు చుట్లంత.

మళ్ళా చుట్టి, ట్రాక్టరు ట్రాలీలో
మోటారు పక్కనే కూర్చుని ఐరాల పోయినాను.
దించినారు. కరెంటొచ్చింది.
"నువ్వే నొక్కు" అన్నాడు రైతు,
ఈసారి కాలితే తన మీదికి రాకుండా.
నొక్కినాను.
పైపు దగ్గింది. గాలి కక్కింది.
ఎర్రమన్ను, ఆ వెనకాల నీళ్ళు.
ఆయన బాగుందనలా, బాగలేదనలా.
పార భుజానేసుకుని
వంగ మళ్ళకు మడవ తిప్పను పోయినాడు.
కొంత దూరం పోయి, తిరక్కుండానే అరిచినాడు:
"మా తమ్ముడి బోరూ మొరాయిస్తా ఉండాది,
రేపొచ్చి చూస్తావామ్మే?"

ఇప్పుడా మూల ఇద్దరం.
నూర్జా గోడకు వీపు ఆనించి కూర్చుంటుంది,
వీధిలో వచ్చేవాళ్ళంతా ఎదురుగా కనపడేట్టు.
ఆ చోటు నేనే ఇచ్చినాను.
స్క్రూడ్రైవరు ఇంకా అప్పుడప్పుడూ జారతానే ఉంటుంది.
తీసుకుంటుంది.

వల్లెమ్మకు మాత్రం ఇంకా పని దొరకలా.
సీజన్‌కు మళ్ళా కాయలు కోసేదానికే పోయింది.
ఫోన్లో అడగతా ఉంటుంది,
ఏడున్నరకు ఎన్ని చుట్లని,
మర్చిపోకుండా.

నా ఫోను మోగితే తీగ వదల్ను.
ఎడమచెయ్యి గాడిలోనే పెట్టి
కుడిచేత్తో సుద్దముక్క అందుకుని
నేల మీద "ఇరవైతొమ్మిది" అని రాసుకుని
అప్పుడు ఎత్తుతాను:
చెప్పు పాపా.