కాదని చెప్పింది

చప్పల్ బజార్ల మా షట్టర్ లేవంగనే
ముందు ఇంకు వాసన బైటికొస్తది,
తర్వాతనే మేం లోపలికి పోతం.
రెండు మెషిన్లు.
పాతది పదడుగులది, ముసలెద్దు లెక్క మూలుగుతది.
కొత్తది అయిదడుగులది, సప్పుడు చెయ్యదు,
ఇంకా ఇరవై రెండు కిస్తులున్నయి.

ఒక్క ఫైలే రెండిట్ల ఏస్తే
మెరూన్‌ని పాతది వంకాయ చేస్తది,
కొత్తది ఇటుక చేస్తది.
అసలు మెరూన్
చీరెల దుకాణం సేటు తలకాయల ఉంటది.
"కొత్తపేట బ్రాంచి నాది కాదా?" అన్నడు బోర్డు చూసి,
బిల్లుల సగం కోసిండు.

అది గూడ ఓర్చుకున్న.

బర్కత్‌పురా ప్రమీల వచ్చింది,
అక్క రెండో సంవత్సరీకానికి ఫ్లెక్సీ కావాలని.
పోయినేడు పాత మెషిన్ల కొట్టినం.
ఈసారి కొత్తదాంట్ల కొట్టి చూపించిన.
శానాసేపు చూసింది. అరవలేదు.
"అక్క పసుపు రాసుకునేది.
మీరు మళ్ల కామెర్లు తెచ్చిన్రు" అన్నది.
బాలామణి పోయింది కామెర్లతోనే.

ఆ రాత్రి ఇల్యాస్‌కు చెప్పిన,
సాఫ్ట్‌వేర్ మారుద్దామని.

ముగ్గురొచ్చిన్రు.
ముగ్గురి పెన్‌డ్రైవ్‌లల్లా అదే చిలుక,
పక్కన కోసిన దానిమ్మపండు.
అందరి చిలుకలూ మంచిగనే వచ్చినయి.
చిలుకదేముంది,
ఇది నా రంగు కాదని వాపసొచ్చిన చిలుకను నేనైతే చూడలే.

"చిలుక వద్దు బాబూ, ఈ మొహం కొట్టుండ్రి" అన్న.

మొదటాయన చేతిల వేలెడంత డాంగిల్.
ఒక్కసారే పైసలు, జీవితాంతం మీదే అన్నడు.
బాలామణి పెండ్లికూతురు లెక్క గులాబీగ వచ్చింది.
రెండో ఆయనది నెలనెలా కిరాయి,
అంతా నెట్ మీదనే నడుస్తదట.
వాన మొదలైంది, నెట్ పోయింది,
ముక్కు దాకా వచ్చి మొహం ఆగింది.

మూడో పిలగాడు ప్రణీత్,
సబ్బుబిళ్లంత మీటర్ తెచ్చుకున్నడు.
ముందు తొమ్మిది వందల రంగుల గళ్లు కొట్టమన్నడు.
గడి గడి మీద పెట్టి కొలిచిండు.
రెండు గంటలాయె, తెప్పించిన చాయ్ మీగడ కట్టె.
"బట్టకో జాతకం రాయాలె మేడం" అన్నడు.
ఆ రోల్ తెలుపుల నీలముంది,
ఈ రోల్ తెలుపు పాల తెలుపు.
పదకొండేండ్ల సంది అమ్ముతున్న,
తెల్లబట్ట తెల్లగుంటదనే అనుకున్న.

ఆఖరికి ఫొటో ఎక్కించిండు.
చెంప మీద పసుపు మెరిసే కాడ
రూపాయంత బూడిద మచ్చ లేచింది.
ఈ పసుపు మీ ఇంకులకు రాదు,
దగ్గరిది ఇది, అని కింద రాసింది.

ప్రణీత్ మొహం చిన్నబోయింది,
"అది బంద్ చెయ్యొచ్చు మేడం" అని చెయ్యి మౌస్ మీదకు పోనిచ్చిండు.
"ఉండనియ్" అన్న.
పొద్దుగాల్నుంచి అన్నీ అయితయనే చెప్పిన్రు.
ఇదొక్కటే తనతోని కాదన్నది.

ఎనభై అయిదు వేలు చెప్పిండు,
డెబ్బయి ఒకటికి తెగింది.
"కాదని చెప్పెతందుకు గన్ని పైసలా?" ఇల్యాస్ నవ్విండు.
నవ్వుకుంటనే హెడ్ తుడిచిండు.

ప్రమీల మళ్లొచ్చింది,
పోయినేటి ఫ్లెక్సీల ఒక ముక్క పట్టుకొని.
మొహం కోయబుద్ధి కాలేదంట,
దండం పెట్టిన చేతుల కాడ జానెడు కోసింది.
మా ట్యూబులైటును నమ్మలే,
షట్టర్ బైటికి పోయి ఎండల నిలబడి
పాత చేతులు కొత్త చేతుల మీద పెట్టి చూసింది.
ఆటోవాడు హారన్ కొడుతున్నా జరగలే.

"వచ్చేయేడు గూడ ఇట్లనే వస్తదా?"

ఏం చెప్పాలె?
ఈ రోల్ ఉండదు.
ఇంకు కంపెనీ ఏమైతదో తెల్వదు.
ఇల్యాస్ దుబాయి కాయితాలు నడుస్తున్నయి.
"మళ్ల కొలుస్తం" అన్న.

పైసలు లెక్కపెట్టి ఇచ్చింది,
ఆ ముక్క మా కాడనే ఇడిసిపెట్టింది.
వెనుక పెన్సిల్‌తోని తారీఖు రాసి
ఎండ తగలని గోడకు గుచ్చిన.