పది అడుగులు

మార్చి ఆఖరు. టొలీడోలో మంచు
పార్కింగ్ మూలల్లో మురికి గుట్టలై ఇంకా పడుంది.
మూడో అంతస్తు బాల్కనీలో
రెండు లావుపాటి వంకాయలకి నూనె రాసి
గ్రిల్ మీద పెట్టాను.
ఇంట్లోది కాయిల్ పొయ్యి.
ఎర్రగా ఉరుముతుంది గానీ మంట రాదు.
మంట నాకందే వంకాయ మెత్తబడదు,
పచ్చడికి ఆ పొగ వాసన పట్టదు.

అప్పుడు తలుపు తట్టింది మార్లీన్ నోవాక్.
నీలం కోటు, అగ్నిమాపక శాఖ బిళ్ళ, నడుముకి టేపు.
"వాసన బావుంది" అంది ముందు.
తర్వాత గ్యాస్ కట్టేయమంది.
ఆ తర్వాత టేపు లాగింది.
గోడ నించి కటకటాల దాకా ఆరడుగులు.
నిప్పుకీ కర్ర గోడకీ మధ్య పది ఉండాలట.
"మిగతా నాలుగూ?" అన్నాను.
ఆవిడ కటకటాల అవతలికి చూసింది.
కింద నా కారు కప్పు కనిపిస్తోంది.

నాకు నవ్వొచ్చింది.
మా భాషలో కొలతా అడుగే, నడకా అడుగే.
తణుకులో ఏడడుగులు నడిచాను,
వేణుమాధవ్ చిటికెన వేలు పట్టుకుని, నిప్పు పక్కనే.
నెయ్యి, సమిధలు, నేల మీద జీరాడే పట్టుచీర,
పైన తాటాకు పందిరి.
టేపు పట్టుకుని ఒక్కరూ రాలేదు.

అదంతా ఆవిడకి చెప్పలేదు.
ఎదుటి బ్లాకు చూపించింది.
రెండో అంతస్తు వినైల్ గోడ
నూనెలో వేసిన అప్పడంలా ముడుచుకుపోయి ఉంది.
కిందటి ఆగస్టు, అంది.
ఆ ఇంటి పిల్లాడి పేరు చెప్పింది.
తర్వాతేమైందో చెప్పలేదు.
నేను అడగలేదు.

ఇక సిలిండర్.
బాల్కనీలో ఉండకూడదు. ఇంట్లో అసలు ఉండకూడదు.
కిందికి దించాలంటే ఇల్లు దాటే తీరాలి.
"మరెలా?"
"ఆగకుండా" అంది.

మా వంటింట్లో ఎర్ర సిలిండర్
గట్టు కింద మాతోపాటే నిద్రపోయేది.
కొత్తది రాగానే అమ్మ దానికి బొట్టు పెట్టి
మూతి చుట్టూ సబ్బు నురగ రాసి
బుడగ లేస్తుందేమోనని ఊపిరి బిగబట్టి చూసేది.
గ్యాస్ అయిపోవస్తే పక్కకి పడుకోబెట్టి
ఇంకో రెండు పూటలు వండేది.
ఇది మార్లీన్ వింటే నన్నే కట్టేసేది.

"నిలువుగానే పట్టుకో."
చంకలో చంటిదాన్ని వేసుకున్నట్టు ఎత్తుకున్నాను.
సోఫా దాటాను. బట్టల గుట్ట దాటాను.
దేవుడి అలమరలో దీపం వెలుగుతోంది.
ఇద్దరం ఒకేసారి చూశాం.
నోటితో ఊదకూడదని నేను అనేలోపే
బుగ్గలు పూరించి ఉఫ్‌మని ఊదేసింది.
కొండెక్కింది, అనుకున్నాను, పైకి అనకుండా.

హార్డ్‌వేర్ దుకాణం బయట
ఇనప బోనులో వరసగా తెల్ల సిలిండర్లు.
వాటి మధ్య నాది.
బోనుకి తాళం వేసినవాడు రసీదు ఇచ్చాడు,
నేను వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాను. కాదు, చూశాను. ఒకసారి.

సాయంత్రం దీపం మళ్ళీ వెలిగించి, అది ఆరేదాకా కూర్చుని,
సగం కాలిన వంకాయలు పళ్ళెంలో పెట్టుకుని
కాంప్లెక్స్ వాళ్ళ ఉమ్మడి గ్రిల్ దగ్గరికి దిగాను.
కమ్మీల మీద ఎవరివో సాసేజీల మాడు.
ఉల్లిపాయ ముక్కతో గట్టిగా రుద్దాను.

బొగ్గు రాజుకునేలోగా, ఊరికే,
గోడ దగ్గర మడమ ఆనించి
మడమకి వేలు తగిలేలా లెక్కపెట్టాను.
నా అడుగు చిన్నది.
పదమూడు పట్టాయి.